బిట్ల చదువు

కోనసీమలోని పఠనమందిరములకు సాయంకాలవేళ పోయి చూచినవారికి ఒక మార్పు స్పష్టముగా కానవచ్చును. పూర్వము పత్రిక చేతికి వచ్చుటకై పెద్దలు కాచుకొని కూర్చుండెడి పొడవుబల్లలయొద్ద నేడు పదునారు, పదునేడేండ్ల బాలబాలికలు చేరి, ఇటుకలవంటి లావుపాటి పుస్తకములు ముందుంచుకొని, తల యెత్తకుండ పెన్సిలుతో గురుతులు పెట్టుచున్నారు. ఆ పుస్తకములను వారు బిట్ బ్యాంకు లందురు. అందు గణితము, భౌతికశాస్త్రము వేలకొలది ముక్కలుగా తరుగబడి యుండును. ప్రతి ప్రశ్న క్రిందను నాలుగు సమాధానములు. పుస్తకము చివర 'కీ'. పత్రిక చదువ వచ్చిన పెద్దలు కొందఱు తమ కుర్చీలు పోయినవని గొణుగుట మేము విన్నాము. ఆ గొణుగుడుతో మాకు పొత్తు లేదు. పిల్లలు చోటు వెదకికొని వచ్చి చదువుకొనుటకంటె గ్రంథాలయమునకు వేఱు భాగ్య మేమున్నది? వారు చదువుచున్న తీరును గూర్చియే మా విచారము.

ఇటీవల అమలాపురమున అట్టి యొక బాలుని ప్రక్కను కూర్చుండుట తటస్థించినది. అతడు ముక్తేశ్వరము వైపువాడు. అతని ముందున్న ప్రశ్న యిది: నిలకడనీటిలో గంటకు 5 కిలోమీటర్లు పోగల పడవ, గంటకు 3 కిలోమీటర్ల వేగముతో పాఱుచున్న, 1 కిలోమీటరు వెడల్పుగల నదిని దాటి సరిగా ఎదుటి రేవునకే చేరవలెనన్న ఎన్ని నిమిషములు పట్టును? సమాధానములు నాలుగు: ఏడున్నర, 12, 15, 30. బాలుడు ఱెప్పపాటున 15కు గురుతు పెట్టెను. సమాధానము సరియైనదే. ఎట్లు వచ్చినదని యడిగితిమి. "ఆయ్, ఈ మోడలుకి పదిహేనేనండి. కీలో కూడా అదే ఉందండి" అనెను. ప్రవాహవేగము మూడు గాక నాలుగైనచో నెంత అని మరల నడిగితిమి. బాలుడు పుటలు త్రిప్పి అట్టి ప్రశ్న మఱియొకటి కలదేమో యని వెదకెను. లేదు. ఆఱైనచో? ఆ మాటకు మా ముఖమువంక చూచి నవ్వి యూరకుండెను.

అంతట మేము పుస్తకము మూసివేసి వేఱొక ప్రశ్న వేసితిమి. ముక్తేశ్వరమునుండి కోటిపల్లికి గౌతమిని దాటునపుడు పంటు సరంగు మొగమును ఎటు త్రిప్పి పెట్టును? బాలుడు తడువుకొనలేదు. "ఎగువకేనండి. తిన్నగా పెడితే దిగువకి కొట్టుకుపోతాం కదండీ" అనెను. నీటి ఉరవడి హెచ్చినపుడో? "ఇంకా ఎగువకి పెడతాడండి. మరీ ఎక్కువైతే పంటే కట్టరండి." చూచితిరా! పుస్తకములోని ప్రశ్నకు కావలసిన జ్ఞానమంతయు ఆ బాలునియందు చిన్ననాటనుండియు నున్నది. ప్రవాహవేగము పడవవేగమును మించినయెడల ఎదుటిరేవునకు తిన్నగా చేరుట అసాధ్య మన్న సంగతికూడ, 'పంటే కట్టరు' అన్న మాటలో, చాలవఱ కిమిడియున్నది. అతడు పెన్సిలు పట్టుకొన్న ప్రశ్న తాను దాటు గోదావరినిగూర్చినదే యని మాత్రము అతని కెవరును చెప్పలేదు. కోనసీమకు రెండు ప్రక్కల గౌతమి, వసిష్ఠ, నడుమ వైనతేయ. సఖినేటిపల్లి రేవున నర్సాపురమునకు పోవు పంటెక్కువాడు సముద్రపు పోటు వచ్చి నీరు వెనుకకు మఱలుటకూడ చూచియుండును. సాపేక్షవేగమును బోధించుటకు ఇంతకంటె గొప్ప ప్రయోగశాల ఏ పట్టణమున నున్నది? ఆ ప్రయోగశాల నడుమ పుట్టి పెరిగిన పిల్లవాడు 'ఈ మోడలుకి పదిహేను' అని కంఠస్థము చేయుచున్నాడు.

ఈ దుస్థితి ఆ బాలుని తప్పు కాదు. పరీక్షను చూడుడు. మన రాష్ట్రమున 1986లో ఎంసెట్ అను పేర నారంభమై, 2021 నుండి ఈఏపీసెట్ అను పేర జరుగుచున్న ప్రవేశపరీక్షయందు ఇంజనీరింగు కోరువారికి 160 ప్రశ్నలు: గణితము 80, భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40. కాలము మూడు గంటలు. భాగించి చూచినచో ఒక్కొక్క ప్రశ్నకు 67½ సెకండ్లు. ప్రశ్న చదువుటకే సగము పోవును. అఖిల భారత పరీక్షయగు జె.ఇ.ఇ. మెయిన్ నందు ప్రశ్నలు 75. కాలము అదే మూడు గంటలు. 2024లో దీనిని వ్రాసినవారు 14 లక్షలకు పైబడినారు. వారిలో మేలైన రెండున్నర లక్షలమందికి మాత్రమే తరువాతి మెట్టగు అడ్వాన్సుడు పరీక్ష వ్రాయు అర్హత. ఇట్టి త్రొక్కిసలాటలో పిల్లవాడు వేగమును కోరుటలో వింత యేమున్నది?

ఈ నాలుగు సమాధానముల పద్ధతి మన గడ్డపై పుట్టినది కాదు. 1914-15 ప్రాంతమున అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ యను విద్యావేత్త బడిపిల్లల పఠనశక్తిని త్వరగా, సులభముగా కొలుచుటకై దీనిని రూపొందించెను. 1917లో ఆ దేశము మహాయుద్ధమున ప్రవేశింపగా సైన్యములో చేరువారిని లక్షలకొలదిగా వడపోయుటకు ఇట్టి ప్రశ్నలనే వాడిరి. విదేశీయ మగుటచేత దీనిని త్రోసివేయుడని మేము చెప్పబోము. రైలును త్రోసివేసితిమా? పైగా ఈ పద్ధతియందు ఒక గొప్ప సుగుణము కలదు. దిద్దు యంత్రమునకు విద్యార్థి యింటిపేరు తెలియదు, కులము తెలియదు, తండ్రి హోదా తెలియదు. వ్రాఁత కుదురుగా లేని పేదపిల్లవానికిని, జమీందారు మనుమనికిని అది ఒకటే న్యాయము చేయును. చేతివ్రాఁతనుబట్టియు సిఫారసునుబట్టియు మార్కులు పడుట చూచిన తరమువారు ఈ సుగుణమును తేలికగా కొట్టివేయజాలరు.

అయినను లెక్కను లెక్కగా చూడవలదా? ఈఏపీసెట్ నందు తప్పు సమాధానమునకు మార్కు తీసివేయరు. నాలుగింటిలో ఒకటి సరియైనది గనుక ఏమియు చదువక కన్నులు మూసికొని 160కిని గురుతులు పెట్టినవానికి సగటున 40 మార్కులు రావలెను. అర్హతకై సామాన్యముగా నిర్ణయింపబడినది నూటికి 25, అనగా ఆ నలుబదియే! జె.ఇ.ఇ. మెయిన్ నందు సరియైనదానికి 4 మార్కులిచ్చి తప్పునకు 1 తీసివేయుదురు. దీనితో గుడ్డిగురుతులు ఆగిపోవునని పలువురు నమ్ముచున్నారు. ఆగవు. నాలుగు ప్రశ్నలకు కన్నులు మూసికొని గురుతు పెట్టినచో సగటున ఒకటి తగిలి 4 వచ్చును, మూడు తప్పి 3 పోవును. ఒక మార్కు మిగులును. నాలుగింటిలో రెండు సమాధానములను కొట్టివేయగలిగినవానికి ప్రతి ప్రశ్నకు సగటున ఒకటిన్నర లాభము. కావున పిల్లలకు ఊహించుట నేర్పు కళ యొకటి పుట్టినది. దానిని నేర్పుటకు ఫీజు పుచ్చుకొనువారును పుట్టిరి. మా కచ్చేరిలో దస్తావేజు వ్రాయించుకొనుటకు వచ్చువారిలో, పిల్లవాని హాస్టలు ఫీజుకై కొబ్బరితోటను తనఖా పెట్టు తండ్రులను ఏటేట చూచుచున్నాము. తోట తాకట్టుపెట్టి కొనుచున్నది విద్యయా, ఊహయా అని వారడుగరు. అడుగుటకు వారికి తెలియదు. వారి పక్షమున అడుగుట మా విధి.

మఱి ఈ బిట్లను ఏమి చేయవలెను? కాల్చివేయ నక్కఱలేదు. తలక్రిందులు చేసి చదివిన చాలును. పైన చెప్పిన పడవ ప్రశ్ననే మరల తీసికొందము. ఆ నాలుగు సమాధానములు ఊరక వ్రాసినవి కావు. మొగమును తిన్నగా ఎదుటి యొడ్డునకు పెట్టి పోవువానికి వచ్చునది 12. అతడు వేగముగా ఒడ్డు చేరును గాని రేవు తప్పి 600 మీటర్లు దిగువను తేలును. ప్రవాహమును పడవవేగమునుండి తీసివేసి, గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున లెక్కించువానికి 30 వచ్చును; అది ఏటికి ఎదురీదువాని లెక్కగాని దాటువాని లెక్క కాదు. రెంటిని కూడువానికి ఏడున్నర; అది దిగువకు కొట్టుకొనిపోవువాని లెక్క. మొగమును ఎగువకు త్రిప్పి, పడవ వేగములో ఒక పాలు ప్రవాహము నెదుర్కొనుటకు ఖర్చుచేసి, మిగిలినదానితో దాటువానికి మాత్రమే 15. ఐదుయొక్క వర్గమునుండి మూడుయొక్క వర్గమును తీసివేయ పదునారు. దాని వర్గమూలము నాలుగు. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఒక కిలోమీటరునకు పదునైదు నిమిషములు. ప్రవాహము నాలుగైనచో మిగులు వేగము మూడు, కాలము ఇరువది నిమిషములు. ఆఱైనచో వర్గమూలమునకు లోపల ఋణసంఖ్య వచ్చును. అనగా పంటు కట్టరు.

కావున తప్పు సమాధానము మూడును మూడు పొరపాట్ల అడుగుజాడలు. ప్రశ్న వ్రాసినవాడు ఎఱిగియే వాని నక్కడ నుంచెను. సరియైనదానికి గురుతు పెట్టి తక్కిన మూటిని విడిచి పోవువాడు ఆ ప్రశ్నలో ముప్పాతిక వంతు పాఠమును బల్లపై వదలి పోవుచున్నాడు. ఏ తప్పు దారిని పోయినచో ఏ తప్పు సమాధానము చేరుదునో చెప్పగలవానికి ఆ విషయము వచ్చినట్లు. దినమునకు రెండువందల బిట్లు చేయుచున్నానని గర్వించు విద్యార్థి ఇరువది చేసి, ఒక్కొక్కదానిని ఈ తీరున విప్పి చూచిన, తక్కిన నూటయెనుబదిలో పెక్కింటిని వెనువెంటనే గుర్తింపగలడు. వేగము వెదకువానికి సైతము ఇదియే దగ్గఱి దారి యని మా నిశ్చితాభిప్రాయము.

న్యాయస్థానములందు తిరుగువారము గనుక మాకొక పోలిక తోచుచున్నది. వ్యాజ్యమునందు తీర్పు చెప్పు న్యాయాధిపతి 'వాది గెలిచెను' అని మాత్రము వ్రాసి లేచిపోరాదు. సివిలు ప్రొసీజరు కోడు 20వ ఆర్డరు 4వ రూలు ప్రకారము వ్యవహారసంగ్రహము, తేల్చవలసిన అంశములు, వానిపై నిర్ణయము, ఆ నిర్ణయమునకు కారణములు వ్రాసితీరవలెను. కారణములు లేని తీర్పు సరియైనదే యైనను పై కోర్టులో నిలుచుట కష్టము. (చిన్న వ్యాజ్యముల కోర్టులకు కొంత సడలింపు కలదు, ఆ సడలింపు చిన్న వ్యాజ్యములకే.) పది రూపాయల తగవునకు కారణ మడుగు దేశము, తన భావి ఇంజనీరును మాత్రము కారణ మడుగదు!

మేము చులకదారులనన్నిటిని ఏకమొత్తముగా నిందించుట లేదని చదువరులు గమనింపవలెను. అందు దొంగదారులును గలవు, రాజమార్గములును గలవు. వర్గసమీకరణమును సాధింపక నాలుగు సమాధానములను వరుసగా అందు ప్రతిక్షేపించి ఏది పొసగునో చూచుట దొంగదారి; సమాధానములు తీసివేసిన మఱుక్షణమున ఆ దారి మూసికొనిపోవును. జె.ఇ.ఇ. మెయిన్ నందు ఇపుడు ప్రతి విషయమునను 25 ప్రశ్నలలో ఐదింటికి సమాధానములు ఈయరు. సంఖ్యను తానే కట్టి చూపవలెను. అచ్చట ఈ దారిని పోవువాడు చేతులు పిసికికొనును. ఇక గిలకపై వేసిన త్రాటికి రెండు ప్రక్కల రెండు బరువులు వ్రేలాడుచున్నపుడు వాని త్వరణమెంత అను ప్రశ్నను చూడుడు. బరువులు సమానమైనచో కదలిక యుండరాదు గనుక త్వరణము సున్న కావలెను. ఒక ప్రక్క బరువే లేకున్న రెండవది స్వేచ్ఛగా పడును గనుక గురుత్వ త్వరణమే రావలెను. ఈ రెండు షరతులకు నిలువని సమాధానములను కొట్టివేయుట దొంగతనము కాదు. భౌతికశాస్త్రజ్ఞుడు తన సూత్రమును తాను పరీక్షించుకొను తీరే అది. లోలకపు ఆవర్తనకాలము అడిగినచోట మితులను చూచి, కాలమునకు బదులు వేగము వచ్చు సమాధానమును త్రోసిపుచ్చుటయు నట్టిదే. పైదానికిని దీనికిని భేదమెచ్చట నున్నదో బోధకులు విద్యార్థికి చూపవలెను. చూపువారు అరుదు.

ఒకప్పుడు చూపువారుండిరి. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షకు శిక్షణ నిచ్చి తెలుగుదేశమంతట పేరుపొందిన కాలమున, ఆ పరీక్షయందు విద్యార్థి మెట్టు తరువాత మెట్టు వ్రాసి సాధన చూపవలసిన ప్రశ్నలకు పెద్దపీట యుండెను. పరీక్ష తీరునుబట్టియే బోధనయు నుండెను. 2006లో ఆ పరీక్ష పూర్తిగా గురుతులు పెట్టు పద్ధతికి మాఱినది. మన రాష్ట్రపు పరీక్ష 2017లో కాగితమునుండి కంప్యూటరు తెరపైకెక్కినది. పరీక్ష మాఱిన కొలది నల్లబల్ల చిన్నదై బిట్ బ్యాంకు లావెక్కినది. దీనికి బోధకుల నొక్కరినే నిందించిన లాభము లేదు. పరీక్ష దేనిని కొలుచునో దానినే బడి పండించును.

భాషనుగూర్చి ఒక మాట చెప్పక పోజాలము. జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రము 2021 నుండి తెలుగుతో కూడ 13 భాషలలో లభించుచున్నది. సంతోషము. ఆ మెట్టెక్కి అడ్వాన్సుడు పరీక్షకు పోయిన తెలుగు విద్యార్థికి మాత్రము ప్రశ్నపత్రము ఇంగ్లీషున గాని హిందీని గాని యుండును, తెలుగున లేదు. మొదటి మెట్టున తెలుగు తగినదై రెండవ మెట్టున తగనిదగుటకు కారణమేమి? హిందీమాట్లాడు బాలునికి తన భాషయందు ఆలోచించు సౌకర్యము రెండు మెట్లయందును గలదు. రాజోలు బాలుని కేల లేదు? తెలుగున పదములు లేవన్న సాకు చెల్లదు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి దించినది ఎన్నో శతాబ్దముల క్రిందటి మాట. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటింప నారంభించిరి. 1968లో వెలసిన తెలుగు అకాడమి ఇంటర్మీడియేటు గణిత భౌతిక గ్రంథములను తెలుగున ముద్రించినది. త్వరణము, ద్రవ్యవేగము, అవకలనము, సమాకలనము అను పదములు మన విద్యార్థుల నోళ్ల నలిగినవే. ఢిల్లీలోని పెద్దలకు ఈ సంగతి తెలియజేయుట మన శాసనసభ్యుల, పార్లమెంటు సభ్యుల పని; వారికి తెలియజేయుట మన పని. అడ్వాన్సుడు పరీక్షయందు ప్రశ్నపత్రము తెలుగుననుగూడ నుండవలెనని పట్టుపట్టి యడుగవలెను.

అది నెఱవేఱులోగా మన చేతిలో నున్నదానిని మనము చేయుదము. అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో పఠనమందిరములున్నవి. నల్లబల్ల తెచ్చుట కష్టము కాదు. ఉద్యోగవిరమణ చేసిన గణితోపాధ్యాయులు ప్రతి యూరను ఒకరిద్దఱున్నారు. పత్రిక చదివి యింటికి పోవుచున్నారు. మేము కోరునదేమనగా, ఆదివారము ఉదయము రెండు గంటలపాటు పది ప్రశ్నలు, పదే ప్రశ్నలు, బల్లపై వ్రాయవలెను. సమాధానములు నాలుగింటిని మొదట అట్టముక్కతో కప్పి యుంచవలెను. విద్యార్థి సాధించి, తన సంఖ్యను తాను చెప్పిన పిమ్మటనే అట్టముక్క తీయవలెను. ఆ మీద ఒక్కొక్క తప్పు సమాధానమును చూపి, ఏ పొరపాటు చేసినవాడు ఇచ్చటికి వచ్చునని పిల్లల చేతనే చెప్పింపవలెను. చివరకు ప్రశ్నలోని అంకె నొకదానిని మార్చి మరల సాధింపజేయవలెను. దీనికి ఫీజు లేదు, హాస్టలు లేదు, తోట తాకట్టు లేదు.

'పోటీలో వెనుకబడుదురు, వారికి వ్యవధి ఏది?' అని తల్లిదండ్రు లడుగుదురు. వారములో ఆఱుదినములు గడియారము పెట్టుకొని బిట్లు చేయనిండు, మేము వలదనము. 67½ సెకండ్లలో ప్రశ్న ముగించు అభ్యాసమును కావలసినదే, పరీక్షాదినమున అది లేనివాడు నష్టపడును. మేమడుగునది ఏడవదినమున రెండు గంటలు. 'ఆడపిల్లలను పఠనమందిరమునకు పంపుట యెట్లు?' అన్నవారు మాకు కొత్తపేటలో తగిలిరి. వారి పిల్లలు ఇప్పటికే బస్సెక్కి కాకినాడ, రాజమహేంద్రవరము కోచింగునకు పోవుచున్నారు గదా. వీథిచివరి గ్రంథాలయ మంతకంటె దూరమా?

అమలాపురమున ఈ పనికి పూనుకొనుటకు ఇద్దఱు విశ్రాంత ఉపాధ్యాయులు మాతో మాట యిచ్చినారు. నల్లబల్లయు, అట్టముక్కయు మేము సమకూర్చెదము. మొదటి ఆదివారమున మొదటి ప్రశ్న పంటును గూర్చినదే. ముక్తేశ్వరము బాలుని రమ్మంటిమి, వచ్చెదననెను. రాజోలు, కొత్తపేట మిత్రులు తమ యూళ్లలో ఎవరు బల్లయొద్ద నిలిచెదరో మాకు వ్రాసినచో ఈ పత్రికయందు ప్రకటింతుము.